ఆస్ట్రేలియా రీజనల్ వీసాలు 491, 494: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఇచ్చిన ఫీజులు, జీతం పరిమితి 2025-26 సంవత్సరానివి. ఆస్ట్రేలియాలో ఏటా జులై 1న ఇవి పెరుగుతాయి కాబట్టి డబ్బు కట్టే రోజు, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ అఫైర్స్ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. నియమాలు మాత్రం అంత తరచుగా మారవు.

491 అంటే పీఆరేనా?

కాదు. పీఆర్ అంటే శాశ్వత నివాసం, ఇది అయిదేళ్ల తాత్కాలిక వీసా. 2019 నవంబర్ 16న పాత 489 స్థానంలో వచ్చింది. మూడేళ్లు షరతులు పాటించి, ఆ మూడేళ్ల పన్ను కాగితాలు చూపిస్తే 191 అనే పీఆర్ వీసాకు అప్లై చేసుకోవచ్చు. "491 వచ్చింది, ఇక సెటిలైపోయాం" అనుకుని కాగితాలు పక్కన పడేసినవాళ్లే మూడేళ్ల తర్వాత ఇబ్బంది పడుతున్నారు. వీసా చేతికొచ్చిన రోజు నుంచే 191 ఫైలు మొదలైందని లెక్క.

రీజనల్ అంటే పల్లెటూళ్లా? అక్కడ ఉద్యోగాలుంటాయా?

సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగతా ఆస్ట్రేలియా అంతా రీజనలే. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, గోల్డ్ కోస్ట్, సన్‌షైన్ కోస్ట్, న్యూకాజిల్, వొలొంగాంగ్, జిలాంగ్, హోబార్ట్, డార్విన్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పెర్త్ జనాభా ఇరవై లక్షల పైమాటే, దాన్ని పల్లెటూరు అనలేం కదా.

అయితే ఊరి పేరు చూసి నిర్ణయించుకోకండి, పోస్ట్‌కోడ్ చూడండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టార్నీట్, పాయింట్ కుక్ మెల్‌బోర్న్ కిందకే వస్తాయి. అక్కడి నుంచి కారులో కాసేపు వెళ్తే వచ్చే జిలాంగ్ రీజనల్. అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందే ఆ పోస్ట్‌కోడ్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. "బంధువుల ఇల్లు ఉంది కదా, ముందు అక్కడ దిగుదాం" అని టార్నీట్‌లో నెలల తరబడి ఉండిపోతే అది షరతు ఉల్లంఘనే.

491కీ 494కీ తేడా ఏంటి?

491 వయసు, చదువు, అనుభవం, ఇంగ్లిష్ లాంటివాటికి ఇచ్చే పాయింట్ల మీద వచ్చేది. ఏదైనా రాష్ట్రం నామినేట్ చేయాలి, లేదా రీజనల్‌లో ఉండే దగ్గరి బంధువు స్పాన్సర్ చేయాలి. వచ్చాక ఏ కంపెనీలో పని చేసినా, ఏ పని చేసినా అడ్డు లేదు. సాఫ్ట్‌వేర్ మీద వీసా వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలలు గోడౌన్‌లో పని చేసినా నేరం కాదు.

494 యజమాని ఇచ్చేది. రీజనల్‌లో ఉన్న కంపెనీ మిమ్మల్ని ఒక ఉద్యోగానికి నామినేట్ చేస్తుంది, మీరు ఆ ఉద్యోగమే చేయాలి. పాయింట్లు అక్కర్లేదు. కానీ ఆ వృత్తిలో మూడేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, స్కిల్ అసెస్‌మెంట్, కాంపిటెంట్ స్థాయి ఇంగ్లిష్ (ఎన్ని మార్కులో కింద ఉంది) ఉండాలి. ఏడాదికి కనీసం 76,515 డాలర్లు, లేదా ఆ ఉద్యోగానికి అక్కడ ఇచ్చే మార్కెట్ జీతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. రెండు వీసాలకూ వయసు 45 లోపే ఉండాలి. 491కి, అప్లై చేసుకోమని పిలిచే ఇన్విటేషన్ వచ్చిన రోజున, 494కి అప్లై చేసిన రోజున వయసు చూస్తారు.

491కి 65 పాయింట్లు చాలంటున్నారు, నిజమేనా?

చట్టప్రకారం కనీసం 65. ఆ 65లోనే నామినేషన్‌కు ఇచ్చే 15 కూడా కలిసి ఉంటాయి. కానీ 65తో ఈఓఐ (వీసా మీద ఆసక్తి తెలిపే ఆన్‌లైన్ ఫారం) వేసి కూర్చుంటే ఐటీ, అకౌంటింగ్ లాంటి రద్దీ వృత్తుల్లో పిలుపు రాదనే అనుకోవాలి. నర్సులు, టీచర్లు, కొన్ని చేతిపనులవాళ్ల పరిస్థితి వేరు.

ఒక లెక్క చూద్దాం. వయసు 31, కంప్యూటర్ సైన్స్ బీటెక్, హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లయింది. వయసుకు 30, డిగ్రీకి 15. ఇంగ్లిష్‌లో సుపీరియర్ తెస్తే 20. ఎనిమిదేళ్ల అనుభవానికి 15 వస్తాయని చాలామంది వేసుకుంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. ఐటీ వృత్తుల్ని అంచనా వేసే ఏసీఎస్ సాధారణంగా మొదటి రెండేళ్లు తీసేస్తుంది. మిగిలేది ఆరేళ్లు, దానికి 10. భార్య పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసి కాంపిటెంట్ తెచ్చుకుంటే 5. మొత్తం 80, నామినేషన్‌తో 95. భార్యకు కూడా స్కిల్ అసెస్‌మెంట్ చేయించగలిగితే ఆ 5 కాస్తా 10 అవుతుంది. దానికి ఆమె వయసు 45 లోపు ఉండాలి, వృత్తి కూడా వీసాకు అర్హమైన వృత్తుల జాబితాలో ఉండాలి. పెళ్లి కానివాళ్లకు ఆ 10 ఊరికే వస్తాయి. అందుకని పెళ్లయినవాళ్లు సింగిల్ అని పెడితే అది తప్పుడు సమాచారం, ఏమవుతుందో కింద చదవండి.

వయసు పాయింట్లు పుట్టినరోజు నాడే పడిపోతాయి. 33 నిండగానే 30 కాస్తా 25, 40 నిండగానే 15. ఇంకో మూడు నెలల్లో 33 నిండేవాళ్లు పీటీఈ మళ్లీ రాద్దామా వద్దా అని ఊగిసలాడకూడదు. విదేశీ అనుభవానికి మూడేళ్లకు 5, అయిదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15. అదీ గత పదేళ్లలో చేసినదే, వారానికి కనీసం 20 గంటల జీతం ఉద్యోగమే లెక్క.

స్కిల్ అసెస్‌మెంట్‌లో మనవాళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతోంది?

ముందు వృత్తి కోడ్ ఎంచుకోవడంలో. ఆఫర్ లెటర్ మీద ఉన్న హోదా కంటే మీరు రోజూ చేసే పనే ముఖ్యం. సర్వీస్ లెటర్‌లో రాసిన పనులు కోడ్‌లోని పనులతో సరిపోవాలి. టెస్టింగ్ చేస్తూ "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" హోదా ఉన్నవాళ్లు డెవలపర్ కోడ్ వేసుకుంటే అసెస్‌మెంట్ దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత చదువు. కంప్యూటర్ సైన్స్ కాకుండా ఈసీఈ, ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లకు ఏసీఎస్ ఎక్కువ ఏళ్లు కోస్తుంది. మెకానికల్, సివిల్ చదివి ఐటీలో ఉన్నవాళ్లు ఆర్‌పీఎల్ అనే దారిలో రెండు ప్రాజెక్టు రిపోర్టులు రాసి వెళ్లాలి, కోతా ఎక్కువే. పదేళ్ల అనుభవం ఉన్నా పాయింట్లకు మిగిలేది మూడు నాలుగేళ్లే అని తెలిసి నీరుగారిపోయేవాళ్లు చాలామంది. ముందే తెలుసుకుంటే వేరే చోట పాయింట్లు పెంచుకోవచ్చు.

సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లుగానే వెళ్లేవాళ్లను ఇంజినీర్స్ ఆస్ట్రేలియా చూస్తుంది. మన దేశం 2014లో, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది కదా, మా డిగ్రీ నేరుగా చెల్లదా అని అడుగుతారు. మన దేశంలో కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ నుంచి టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సుకు, అదీ ఆ గుర్తింపు అమల్లో ఉన్న ఏళ్లలో పాసైనవాళ్లకే ఆ దారి. యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే మామూలు కాలేజీలకు ఉన్నది ఎక్కువగా టైర్-2. వాళ్లు సీడీఆర్ అనే రిపోర్టు రాయాల్సిందే. మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కోటి వెయ్యి నుంచి రెండున్నర వేల పదాలు, "నేను ఇది డిజైన్ చేశాను, ఈ లెక్క వేశాను" అని సొంత పని గురించి. "మా టీమ్ చేసింది" అని రాస్తే మార్కులు రావు. డబ్బిచ్చి రాయించుకున్న సీడీఆర్‌లో పేరాలకు పేరాలు పాతవాళ్ల దాంట్లోంచి వస్తాయి. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరుంది, దొరికితే కొంతకాలం మళ్లీ అప్లై చేయనివ్వరు.

నర్సులకు రిజిస్ట్రేషన్ ఆప్రా దగ్గర, వీసా కోసం అసెస్‌మెంట్ ఆన్‌మాక్ దగ్గర, రెండూ వేరు. టీచర్లను అంచనా వేసే ఐట్సిల్ అడిగే ఇంగ్లిష్ వీసా అడిగేదానికంటే ఎక్కువ: ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడడం, వినడంలో 8, చదవడం, రాయడంలో 7.

పీటీఈలో 79 వస్తే సుపీరియర్ కదా?

2025 ఆగస్టు 7 కంటే ముందు రాసి ఉంటే అంతే. ఆ తర్వాత రాసినవాళ్లకు ప్రతి విభాగానికీ వేర్వేరు మార్కులు. సుపీరియర్‌కు లిజనింగ్ 69, రీడింగ్ 70, రైటింగ్ 85, స్పీకింగ్ 88. ప్రొఫీషియంట్‌కు వరసగా 58, 59, 69, 76. కాంపిటెంట్‌కు 47, 48, 51, 54. లిజనింగ్, రీడింగ్ తేలికయ్యాయి, స్పీకింగ్, రైటింగ్ బాగా బిగిశాయి. పాత కోచింగ్ మెటీరియల్‌తో "అన్నీ 79" లక్ష్యంగా తయారైతే స్పీకింగ్ దగ్గర బోల్తా పడతారు. ఐఈఎల్‌టీఎస్‌లో కాంపిటెంట్, ప్రొఫీషియంట్, సుపీరియర్ అంటే నాలుగు విభాగాల్లోనూ 6, 7, 8. ఏ పరీక్షయినా ఇన్విటేషన్‌కు ముందు మూడేళ్లలో రాసినదే చెల్లుతుంది.

నాటి (NAATI) సంస్థ పెట్టే సీసీఎల్ దుబాసీ పరీక్ష రాస్తే నిజంగా 5 పాయింట్లు వస్తాయా? తెలుగులో రాయొచ్చా?

వస్తాయి, తెలుగులో రాయొచ్చు. అన్నిటికంటే తక్కువ శ్రమతో వచ్చే 5 పాయింట్లు ఇవేనని మా అభిప్రాయం. రెండు సంభాషణలుంటాయి. బ్యాంకులోనో ఆస్పత్రిలోనో ఇంగ్లిష్ మాట్లాడే ఉద్యోగికీ తెలుగు మాట్లాడే మనిషికీ మధ్య మీరు దుబాసీగా ఉండాలి. ఒక్కో ముక్క 35 పదాలు మించదు. మొత్తం 90కి 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి 29 తగ్గకూడదు.

మన పిల్లలు ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులోనే తడబడతారు. ఇంటర్ నుంచి తెలుగు ముట్టనివాళ్లకు "వాయిదా", "జామీను", "నష్టపరిహారం", "అర్హత" నోటికి రావు. నెల రోజులు తెలుగు పేపర్ పైకి చదివితే చాలా మేలు. అంకెలు, తేదీలు, మందు మోతాదులు వదిలేస్తే మార్కులు గట్టిగా పోతాయి కాబట్టి కాగితం మీద రాసుకుంటూ వినండి.

స్టేట్ నామినేషన్ ఎలా అడగాలి?

స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈఓఐ ఉచితంగా వేస్తారు. అది రెండేళ్లు ఉంటుంది. కానీ ఈఓఐ వేస్తే రాష్ట్రం దానంతట అదే పిలుస్తుందనుకోవద్దు. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా లాంటి చోట్ల వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఆసక్తి తెలుపుతూ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. అది చేయకపోతే మీరున్నట్టే వాళ్లకు తెలియదు. ఒక్కో రాష్ట్రానికి ఏటా కేంద్రం ఇచ్చే కోటా ఉంటుంది, అది అయిపోగానే తలుపులు మూస్తారు. కొత్త సంవత్సరం జులైలో మొదలైనా రాష్ట్రాలు తెరుచుకునేది చాలాసార్లు ఆగస్టు, సెప్టెంబర్ తర్వాతే.

ఇప్పటికే ఆ రాష్ట్రంలో ఉండి పని చేస్తున్నవాళ్లకు చాలా రాష్ట్రాలు మొదటి పీట వేస్తాయి. ఇండియాలో కూర్చుని అడిగేవాళ్లకు అవకాశం కొన్ని వృత్తులకే, కొన్ని నెలల్లోనే. ఇంకో మాట, రాష్ట్రం మీద "కట్టుబాటు లేఖ" అడిగితే ఇంటర్నెట్‌లో దొరికే మూసలో రాయకండి. మీ వృత్తికి అక్కడ పడ్డ ఉద్యోగ ప్రకటనలు, అద్దెలు, మీ చేతిలో ఉన్న డబ్బు, ఇవి అంకెలతో రాస్తే చదివేవాళ్లకు విషయం తెలుస్తుంది.

అడిలైడ్‌లో మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. స్పాన్సర్ చేయగలడా?

చేయగలడు, అతను సిటిజెన్ లేదా పీఆర్ అయి, 18 నిండి, రీజనల్‌లో నిజంగా నివాసం ఉంటే. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, బాబాయి, పిన్ని, మేనమామ, మేనత్త, వాళ్ల పిల్లలు, తాత, నాయనమ్మ, అమ్మమ్మ దాకా చెల్లుతుంది. భార్య వైపు బంధువైనా, ఆమె వీసాలో మీతో ఉంటే, సరిపోతుంది. "వరసకు అన్న", తాతల అన్నదమ్ముల మనవడు చెల్లరు. బంధుత్వం కాగితాలతో చూపాలి: మీ నాన్నగారు, వాళ్ల నాన్నగారు ఒకే తల్లిదండ్రుల బిడ్డలని. పాత తరానికి పుట్టిన సర్టిఫికెట్లు ఉండవు కాబట్టి పదో తరగతి మెమోలు, పాస్‌పోర్టులో తండ్రి పేరు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కలిపి కడతారు.

ఈ దారిలో వృత్తి, అర్హ వృత్తుల్లో మీడియం అండ్ లాంగ్ టర్మ్ అనే జాబితాలోదే అయి ఉండాలి. పిలుపులు బాగా తక్కువ. రాష్ట్రం దారితో పాటు పక్కన పెట్టుకోండి గానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇన్విటేషన్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

60 రోజులు. పొడిగింపు ఉండదు. ఈలోపు ఇమ్మిఅకౌంట్ అనే హోమ్ అఫైర్స్ ఆన్‌లైన్ ఖాతాలో అప్లికేషన్ వేసి ఫీజు కట్టాలి. ఈఓఐలో ఏ పాయింట్లు చెప్పారో అవన్నీ ఇన్విటేషన్ రోజుకే ఉండాలి. లెక్క ఎక్కువ చూపి ఇన్విటేషన్ తెచ్చుకుంటే వీసా తిరస్కరిస్తారు, ఫీజు తిరిగి ఇవ్వరు. ఇన్విటేషన్ వచ్చాక తప్పు కనిపిస్తే, దాన్ని వదిలేసి సరైన ఈఓఐ మళ్లీ వేయడమే మేలు.

ప్రధాన అభ్యర్థికి ఫీజు 4,910 డాలర్లు. 18 నిండిన కుటుంబ సభ్యునికి దాదాపు సగం, పిల్లలకు పావు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలకు పదివేల డాలర్లకు దగ్గరగా, అంటే అయిదున్నర లక్షల పైమాటే. ఒకేసారి కట్టాలి. చాలా కార్డులకు అంతర్జాతీయ లావాదేవీల పరిమితి అంత ఉండదు. చివరి రోజు రాత్రి కార్డు తిరస్కరిస్తే చేసేదేం లేదు, బ్యాంకుకు ముందే చెప్పి పరిమితి పెంచుకోండి. కార్డు మీద సర్‌చార్జి కూడా పడుతుంది.

భార్య లేదా భర్తకు కనీస ఇంగ్లిష్ రుజువు లేకపోతే ఇంకో 4,900 డాలర్ల వరకూ రెండో విడత కట్టమంటారు. డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ లెటర్ తెస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఆ లెటర్ కోసం కాలేజీ చుట్టూ తిరగడానికి నెల పట్టొచ్చు, ఇన్విటేషన్ దాకా ఆగొద్దు.

ఇక పేర్ల గొడవ. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, పదో తరగతి మెమోలో ఇనీషియల్‌గా, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. అన్నీ ఒకరివేనని అఫిడవిట్ పెట్టండి. అప్లికేషన్‌లో "వేరే పేర్లు" అనే ప్రశ్న దగ్గర ఆ రూపాలన్నీ రాయండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లు, వీలైతే ఈఓఐకి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం ఉత్తమం. లేకపోతే ఫారంలో ఉన్న పేరంతా ఫ్యామిలీ నేమ్ గడిలో వేయాలి. అలా వెళ్తే అక్కడ బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర చిక్కులు వస్తూనే ఉంటాయి.

గత పదేళ్లలో ఏ దేశంలోనైనా మొత్తం 12 నెలలు ఉండి ఉంటే అక్కడి పోలీసు సర్టిఫికెట్ కావాలి. అమెరికాలో, గల్ఫ్‌లో పని చేసి తిరిగొచ్చినవాళ్లు ఇది ఆఖర్న గుర్తు చేసుకుంటారు. మెడికల్స్‌కు హ్యాప్ ఐడీ అనే నంబరు తీసుకుని హోమ్ అఫైర్స్ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, మామూలు ల్యాబ్ రిపోర్టు చెల్లదు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపిస్తే కళ్లె పరీక్షలకు కొన్ని వారాలు పడతాయి. అంతమాత్రాన వీసా పోయినట్టు కాదు.

ఒకటి రెండేళ్ల అనుభవం తక్కువైంది. "ఎక్స్‌పీరియన్స్ లెటర్" పెట్టిస్తామంటున్నారు.

వద్దు. లెటర్‌తో పాటు జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం-16, 26ఏఎస్, పీఎఫ్ పాస్‌బుక్ అడుగుతారు. పీఎఫ్‌లో ఏ కంపెనీ ఏ నెలలో డబ్బు కట్టిందో ఉంటుంది, దాన్ని ఎవరూ పుట్టించలేరు. కంపెనీకి ఫోన్ చేసి కూడా అడుగుతారు. తప్పుడు కాగితం అని తేలితే మూడేళ్ల పాటు చాలా రకాల ఆస్ట్రేలియా వీసాలు రావు. గుర్తింపు పత్రాల్లో మోసమైతే పదేళ్లు. ఆ దెబ్బ అప్లికేషన్‌లో ఉన్న కుటుంబమంతటికీ. లెటర్ అమ్మినవాడి ఆఫీసు అప్పటికి బోర్డు మార్చేసి ఉంటుంది.

అమ్మానాన్నల్ని కూడా చేర్చొచ్చా? పిల్లల సంగతి?

అమ్మానాన్నల్ని చేర్చలేరు. వాళ్లకు విజిటర్ వీసాలే. చేర్చగలిగేది జీవిత భాగస్వామిని, మీ మీద ఆధారపడిన పిల్లల్ని. 18 దాటి 23 లోపు ఉన్న పిల్లలు నిజంగా మీ డబ్బు మీదే బతుకుతున్నారని చూపాలి. వాళ్లకు పెళ్లయినా, నిశ్చితార్థమైనా కుదరదు.

వీసా వచ్చాక పెళ్లి చేసుకుంటే భార్యను లేదా భర్తను సబ్‌సీక్వెంట్ ఎంట్రెంట్‌గా (తర్వాత చేరే కుటుంబ సభ్యులుగా) 491లోనే తెచ్చుకోవచ్చు. దానికి ఫీజు, నెలల నిరీక్షణ మామూలే. మ్యారేజ్ రిజిస్ట్రేషన్ పెళ్లయిన వారంలోనే చేయించండి, శుభలేఖ, ఫొటోలతో సరిపెట్టలేరు. ఆస్ట్రేలియాలో బిడ్డ పుడితే తల్లిదండ్రుల 491 ఆ బిడ్డకూ దానంతట అదే వస్తుంది, బిడ్డ పుట్టిన సంగతి ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి అంతే. కాన్పుకు పుట్టింటికి వచ్చి ఇండియాలో బిడ్డ పుడితే మాత్రం కొత్తగా వీసా వేయాలి, అది వచ్చేదాకా బిడ్డతో తిరిగి వెళ్లలేరు. కాన్పు ఎక్కడ అన్నది ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

అడిలైడ్‌లో ఉంటూ సిడ్నీ కంపెనీకి ఇంటినుంచి పని చేయొచ్చా?

షరతు నంబరు 8579. రీజనల్‌లోనే నివసించాలి, అక్కడే పని చేయాలి, అక్కడే చదవాలి. మీరు ఏ చోట కూర్చుని పని చేస్తున్నారన్నదే కీలకం. కాబట్టి ఉద్యోగ ఒప్పందంలో పని ప్రదేశం మీ అడిలైడ్ చిరునామా అని రాయించుకోండి. వారానికి రెండు రోజులు సిడ్నీ ఆఫీసుకు రావాలన్న నిబంధన ఉంటే ఆ ఉద్యోగం వద్దు. జిలాంగ్‌లో ఇల్లు తీసుకుని రోజూ రైల్లో మెల్‌బోర్న్‌కు పనికి వెళ్లడం కూడా ఉల్లంఘనే. సెలవులకు మెల్‌బోర్న్ వెళ్లడానికి, సిడ్నీలో పెళ్లికి హాజరు కావడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఒక రీజనల్ ఊరి నుంచి ఇంకో రీజనల్ ఊరికి మారిపోవచ్చు కూడా. మిమ్మల్ని నామినేట్ చేసిన రాష్ట్రానికి మాట ఇచ్చి ఉంటే వాళ్లకు ఒక ఈమెయిల్ రాయడం మర్యాద.

ఈ షరతు ఇంట్లో ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. అబ్బాయికి మెల్‌బోర్న్‌లోని యూనివర్సిటీలో సీటొచ్చినా 491 మీద అక్కడ చదవలేడు.

చిరునామా, ఫోను, ఈమెయిల్, పాస్‌పోర్టు, ఉద్యోగం మారితే 14 రోజుల్లో తెలపాలి. అడిగినప్పుడు ఎక్కడ ఉంటున్నారో, ఎక్కడ పని చేస్తున్నారో రుజువులు ఇవ్వాలి. అందుకే అద్దె ఒప్పందం, బాండ్ (అద్దె అడ్వాన్సు) రసీదు, కరెంటు బిల్లులు, జీతం స్లిప్పులు, పిల్లల స్కూలు ఉత్తరాలు నెలనెలా ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. స్నేహితులతో కలిసి ఉంటూ అద్దె ఒప్పందంలో పేరు లేనివాళ్లకు తర్వాత చాలా తలనొప్పి.

మెడికేర్, స్కూలు, ఇల్లు కొనడం?

491, 494 ఉన్నవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకం ఉంటుంది. దిగిన వారంలోనే నమోదు చేసుకోండి. ప్రభుత్వ స్కూళ్లలో ఫీజు సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ఆ రాష్ట్ర విద్యాశాఖను అడగాలి. యూనివర్సిటీలో మాత్రం పీఆర్ వచ్చేదాకా విదేశీ విద్యార్థి ఫీజే. ఇంటర్ అయిపోవస్తున్న పిల్లలున్నవాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి, ఏడాదికి వేల డాలర్లలో తేడా.

ఇల్లు: 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా తాత్కాలిక వీసావాళ్లు పాత ఇళ్లు కొనకుండా నిషేధం పెట్టారు. కొత్త ఇల్లు, విదేశీయుల కొనుగోళ్లను చూసే ఎఫ్‌ఐఆర్‌బీ అనుమతితో కొనొచ్చు గానీ దాని ఫీజు, చాలా రాష్ట్రాల్లో అదనపు స్టాంపు డ్యూటీ కలిసి మోయలేనంత అవుతాయి. పీఆర్ దాకా అద్దె ఇంట్లో ఉండడమే తెలివి.

494 మీద ఉండగా ఉద్యోగం పోతే?

2024 జులై 1 నుంచి గడువు పెరిగింది. ఒక్కోసారి 180 రోజులు, వీసా మొత్తం మీద 365 రోజుల వరకూ కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవచ్చు, ఆ సమయంలో వేరే చోట పని కూడా చేసుకోవచ్చు, రీజనల్ దాటకుండా. కొత్త యజమాని మళ్లీ నామినేషన్ వేయాలి.

స్పాన్సర్ చేయడానికి యజమాని కట్టే శిక్షణ లెవీ చిన్న వ్యాపారానికి 3,000, పెద్దదానికి 5,000 డాలర్లు. ఇది, నామినేషన్ ఖర్చులు యజమానే భరించాలి. "నువ్వు నగదు ఇవ్వు, నేను స్పాన్సర్ చేస్తా" అనడం, ఇవ్వడం రెండూ చట్టవిరుద్ధమే. జీతం ఖాతాలో వేసి సగం వెనక్కి అడిగే యజమానులు కూడా ఉన్నారు. మనవాడే కదా అని మాట మీద ఒప్పుకున్నవాళ్లు తర్వాత నోరు విప్పలేని స్థితిలో పడ్డారు.

191కి ఎంత జీతం ఉండాలి?

మొదట్లో ఏడాదికి 53,900 డాలర్లు అన్నారు. 2022 నవంబర్ 16న 191 తెరిచే సమయానికి ఆ కనీస మొత్తం తీసేశారు. ఇప్పుడు కావాల్సింది మూడు సంవత్సరాల నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్లు, అంటే పన్ను శాఖ ఇచ్చే లెక్క పత్రాలు. అక్కడి పన్ను సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30. జులైలో రిటర్ను వేయండి, జీతం తక్కువైనా వేయండి. నగదుగా జీతం తీసుకుని రిటర్ను వేయని ఏడాది మీ లెక్కలో లేనట్టే. వీసా చేతిలో పెట్టుకుని ఇండియాలోనే ఉండిపోతే మూడేళ్లు గడుస్తాయి గానీ చూపడానికి ఈ పత్రాలు రావు.

ప్రధాన అభ్యర్థే అప్లై చేయాలని లేదు. భార్యకు కూడా 491 ఉండి, ఆమె పన్ను పత్రాలు సరిగా ఉంటే ఆమె పేరు మీద వేయొచ్చు. కాబట్టి ఇద్దరూ రిటర్ను వేయడం మంచిది. 191 గ్రాంట్ అయ్యేదాకా 491 షరతులు నడుస్తూనే ఉంటాయి. అప్లై చేశాం కదా అని మర్నాడే మెల్‌బోర్న్‌కు సామాను సర్దకండి.

491లో ఉండగా 189, 190కి మారొచ్చా?

మూడేళ్లు పూర్తయ్యేదాకా కుదరదు. 189, 190, 186 అనే పీఆర్ వీసాలతో పాటు, ఆస్ట్రేలియాలో ఉండి వేసే పార్ట్‌నర్ వీసా 820 కూడా ఈ నిషేధంలోనే ఉంది. 190 ఇంకో రెండు నెలల్లో వచ్చేలా ఉంటే 491 ఒప్పుకునేముందు బాగా ఆలోచించాలి. అయితే రానిదానికోసం చేతికొచ్చినదాన్ని వదులుకుని పుట్టినరోజుతో పాయింట్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

పౌరసత్వానికి 491లో ఉన్న కాలం కలుస్తుందా?

కలుస్తుంది. నాలుగేళ్లు చట్టబద్ధంగా ఉండాలి, అందులో చివరి ఏడాది పీఆర్‌గా. నాలుగేళ్లలో మొత్తం 12 నెలలు, చివరి ఏడాదిలో 90 రోజులు మించి దేశం బయట ఉండకూడదు.

కన్సల్టెన్సీ లేకుండా సొంతంగా చేసుకోవచ్చా?

ఒకే దేశంలో ఉద్యోగం, తిరస్కరణలు లేవు, పేర్లు తారీఖులు సరిపోతున్నాయి అంటే హాయిగా చేసుకోవచ్చు. పాత వీసా తిరస్కరణ, ఆరోగ్య సమస్య, విడాకులు, పిల్లల కస్టడీ ఉన్నప్పుడు నిపుణుడి సాయం డబ్బుకు తగినదే. ఆ నిపుణుడికి మారా (మైగ్రేషన్ ఏజెంట్లను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, దాన్ని మారా వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఎవరిదో, మీ ఫైలు చూసేది ఎవరో అడగండి. ఇమ్మిఅకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఏ ఈమెయిల్‌కు ఉత్తరాలు వస్తున్నాయో కూడా చూసుకోండి. అదనపు పత్రాలకు హోమ్ అఫైర్స్ ఇచ్చే 28 రోజుల గడువు ఏజెంటు ఇన్‌బాక్స్‌లోనే గడిచిపోతే, తిరస్కరణ వచ్చేది మీ పేరు మీదే.